అభయప్రదానము

ఆహారము, నిద్ర, భయము, సంతానకాంక్ష అను నాలుగును మానవునకును పశువునకును సమానములేయని పెద్దలు చెప్పుదురు. మానవుని వేరుచేయునది ధర్మమొక్కటియే. ఈ నాలుగింటిలో ఆహారమునకు మితము కలదు. కడుపు నిండినచో చేయి ఆగును. నిద్రకు మితము కలదు. తెల్లవారినచో కన్ను తెరచుకొనును. భయమునకు మాత్రము మితము లేదు. అది తలచినకొలదిని పెరుగును. ఒకని గుండెలో పుట్టి, పదిమంది నోటబడి, ఊరంతయు వ్యాపించును.

నేడు ఉగ్రవాదమని పిలువబడుచున్న మహాపాతకము భయముయొక్క ఈ స్వభావముమీదనే నిలిచియున్నది. యుద్ధమున యోధుడు తన శత్రువును చంపును. ఉగ్రవాది చంపినవారు అతనికి శత్రువులు కారు. వారి పేర్లు సైతము అతడెరుగడు. అతనికి కావలసినది చచ్చిన పదిమంది కాదు, బ్రదికియుండి భయపడు పది లక్షలమంది.

2003వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన, తిరుమల కొండ పాదముననున్న అలిపిరివద్ద, బ్రహ్మోత్సవములకు పట్టువస్త్రములు సమర్పింప వచ్చుచున్న నాటి ముఖ్యమంత్రి వాహనముపై తీవ్రవాదులు మందుపాతరలు ప్రేల్చిరి. 2006 మార్చి 7వ తేదీ మంగళవారము సాయంకాలము వారణాసిలో సంకటమోచన హనుమంతుని ఆలయమునందును, రైలునిలయమునందును బాంబులు ప్రేలినవి. 2007 మే 18వ తేదీ శుక్రవారమునాడు హైదరాబాదు మక్కా మసీదులో ప్రార్థనకు చేరినవారి నడుమ బాంబు ప్రేలినది. అదే సంవత్సరము ఆగస్టు 25వ తేదీ శనివారము సాయంకాలము ఆ నగరమందే, కోఠిలోని గోకుల్ చాట్ వద్ద ఫలహారము తినుచున్నవారిలోను, లుంబినీ పార్కులో ప్రదర్శనము చూచుచున్నవారిలోను నలువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

భుజించువేళ, వినోదించువేళ, ప్రయాణించువేళ, ప్రార్థించువేళ మానవుని చేతిలో ఆయుధముండదు, మనసులో అనుమానముండదు. ఆ వేళలనే దుష్టుడు ఎన్నుకొనుచున్నాడు. ఇట్టి పాపమును గూర్చి శాస్త్రము ఏమి చెప్పుచున్నది? భయమునకు లోబడక బ్రదుకు మార్గమేది? ఈ ప్రశ్నలు నేడు ప్రతి గృహస్థుని వాకిట నిలిచియున్నవి.

భయముయొక్క పుట్టుక

భగవద్గీత పదునారవ అధ్యాయమున భగవానుడు దైవీసంపదను, ఆసురీసంపదను వేరుపరచి చెప్పెను. దైవీసంపదలో ఇరువదియారు గుణములు గణింపబడినవి. సత్యము, అహింస, దయ, క్షమ, శౌచము అన్నియు అందు కలవు. కాని మొట్టమొదట నిలిచినది సత్యము కాదు, అహింసయు కాదు, అభయము. దానికి ముందుస్థానమేల? భయపడినవాడు సత్యము పలుకజాలడు. ఎదుటివానికి నచ్చిన మాట పలుకును. భయపడినవాని అహింస చేతకానితనము. భయపడినవాని దానము లంచము. కనుక తక్కిన గుణములన్నియు నిలుచుటకు అభయమే పీఠమైనది.

భగవద్రామానుజులు గీతాభాష్యమున భయమునకు చెప్పిన అర్థము మిక్కిలి సూక్ష్మమైనది. ప్రియమైనది దూరమగునని గాని, అప్రియమైనది వచ్చిపడునని గాని, దాని కారణమును చూచినంతనే కలుగు దుఃఖము భయమని వారి భావము. అనగా భయము రానున్న దుఃఖమునకు ముందుగా చెల్లించు సుంకమువంటిది. ఆ దుఃఖము వచ్చినను రాకపోయినను సుంకము మాత్రము చెల్లిపోవును.

ఈ భయము సజ్జనులకే కలుగునని తలపరాదు. దుష్టుని దౌష్ట్యమునకు సైతము మూలమదియే. భాగవతమున కంసుని కథ దీనికి సాక్ష్యము. చెల్లెలు దేవకి వివాహమైన దినమున ఆమె రథమునకు కంసుడే పగ్గములు పట్టెను. అంత ప్రేమ కలవాడు. ఆమె అష్టమగర్భమున పుట్టినవాడు తన్ను చంపునని ఆకాశవాణి పలుకగానే ఆ చేయియే కత్తి పట్టెను. వసుదేవుడు తన మాట నిలుపుకొని మొదటి శిశువును తెచ్చి ఇచ్చినపుడు, అతని సత్యమునకు మెచ్చి, ఈ బిడ్డవలన నాకు భయము లేదని కంసుడు శిశువును తిరిగి పంపెను. అంతవరకును అతనియందు మానవత్వము మిగిలియుండెను. పిదప నారదుని మాటలతో అనుమానము రగిలెను. దేవకీవసుదేవులను బంధించెను, పసికందులను వరుసగా చంపెను. తుదకు మంత్రుల ఆలోచన విని, పది దినములు నిండిన శిశువులను, నిండని శిశువులను సైతము వధింపుడని సేవకులను పల్లెలమీదికి పంపెను.

కంసునికి బలము తక్కువ కాదు, సేన తక్కువ కాదు. అయినను ఊయలలోని శిశువును చూచి వణకెను. ఇతరులను భయపెట్టి బ్రదుకువాడు తాను భయముననే బ్రదుకును. ఉగ్రవాది వీరుడు కాడని గ్రహించుటకు ఈ కథ చాలును. శిశువుమీదికి పోవువానిని వీరుడని పిలుచు శాస్త్రమెందును లేదు.

సౌప్తికరాత్రి

నేటి ఉగ్రవాదమునకు అత్యంత సన్నిహితమైన కథ మహాభారతమున సౌప్తికపర్వమునందు కలదు. పదునెనిమిది దినముల యుద్ధము ముగిసెను. తొడలు విరిగి దుర్యోధనుడు నేలబడియుండెను. కౌరవపక్షమున అశ్వత్థామ, కృపాచార్యుడు, కృతవర్మ అను మువ్వురు మిగిలిరి. ఆ రాత్రి వారొక మఱ్ఱిచెట్టు క్రింద విశ్రమించిరి. తక్కిన ఇరువురు నిద్రించిరి. అశ్వత్థామకు నిద్ర రాలేదు. ఆ చెట్టుకొమ్మలపై కాకులు నిద్రించుచుండగా ఒక గుడ్లగూబ చప్పుడు చేయక వచ్చి, ఒక్కొక్కదానినే చీల్చి చంపుట అతడు చూచెను. నిద్రించువారిని ఎట్లు చంపవలెనో ఆ పక్షివలన నేర్చుకొనెను.

అశ్వత్థామ చదువులేనివాడు కాడు. ద్రోణాచార్యుని కుమారుడు, వేదము చదివినవాడు, అస్త్రవిద్యలో ఆరితేరినవాడు. అతని మనసులోని బాధయు కల్పితము కాదు. అతని తండ్రి ఆయుధము విడిచి కూర్చుండియుండగా వధింపబడెను, అది అధర్మమే. కనుకనే ఈ కథ విలువైనది. అన్యాయము జరిగినవాడు సైతము ఎంతటి అన్యాయమునకు దిగగలడో వ్యాసభగవానుడు ఇందు చూపెను.

మేనమామయైన కృపుడు అతనికి హితము చెప్పెను. ధృతరాష్ట్రుని, గాంధారిని, విదురుని అడిగి, వారు చెప్పినట్లు నడచుకొందమనెను. నిద్రించువానిని, ఆయుధము విడిచినవానిని, శరణన్నవానిని చంపుట ధర్మము కాదనెను. ఈ రాత్రి నిద్రింపుము, తెల్లవారిన పిదప కలిసి యుద్ధము చేయుదమని బ్రతిమాలెను. ఇంతకంటె మంచి ఉపదేశమేది? పగతో రగులు మనసునకు పెద్దల సలహాయు, ఒక రాత్రి నిద్రయు రెండు గొప్ప ఔషధములు. అశ్వత్థామ రెండింటిని త్రోసివేసెను. ధర్మసేతువును వారే ముందు విరిచిరనెను. మరుజన్మమున పురుగునైనను సరే, ఈ రాత్రియే చంపెదననెను. తన పాపమునకు ఎదుటివాని పాపమును సాక్షిగా పిలుచుట ఉగ్రవాదులందరి వాదము. అశ్వత్థామ నాటినుండి నేటివరకు ఆ వాదమున ఒక్క మాటయు మారలేదు.

కథలో మిక్కిలి భయంకరమైనది దాని తరువాతిది. అంత హితము చెప్పిన కృపుడు అశ్వత్థామను విడిచి వెళ్ళలేదు, వెంట నడచెను. అశ్వత్థామ శిబిరములోనికి పోయి ధృష్టద్యుమ్నుని, శిఖండిని, ద్రౌపది కుమారులైవురను చంపుచుండగా, కృపుడును కృతవర్మయు శిబిరద్వారమున నిలిచి, ప్రాణభయముతో వెలుపలికి పరుగెత్తినవారిని చంపిరి; శిబిరమునకు నిప్పు పెట్టిరి. ధర్మము తెలిసి, నోటితో చెప్పి, తుదకు తనవాడుగదాయని పాపమునకు కాపుగాయువారు ప్రతి కాలమునను కలరు. వారు లేనిచో అశ్వత్థామ ఒంటరివాడై పోయెడివాడు. తన కులమువాడని, తన మతమువాడని, తన పక్షమువాడని పాపమును కప్పిపుచ్చువాడు ఆ ద్వారమున నిలిచిన కృపుని ప్రక్కన నిలిచినట్లే.

ద్రౌపది తీర్పు

ఐదుగురు బిడ్డలను ఒక్క రాత్రిలో కోల్పోయిన తల్లి ఏమి కోరవలెను? భాగవతము ప్రథమస్కంధమున ఈ ఘట్టము కలదు. పోతనామాత్యుడు దానిని తెనుగు చేయుటచే ద్రౌపది మాటలు తెలుగువారి ఇండ్లలో వాడుకయైనవి. అర్జునుడు అశ్వత్థామను పశువువలె త్రాటితో బంధించి తెచ్చి ఆమె ముందు నిలిపెను. ఆమె అతనిని చూచి, గురుపుత్రుడని నమస్కరించెను. బిడ్డలను కోల్పోయి తానేడ్చుచున్నట్లు ఇతని తల్లి ఏడ్వకుండుగాకయని, విడిచిపెట్టుమని పలికెను. ధర్మరాజు ఆ మాట మెచ్చుకొనెను. భీముడు ఒప్పుకొనలేదు, నిద్రించు శిశువులను చంపినవానికి వధయే తగునని గర్జించెను.

శ్రీకృష్ణుడు ఇరువురి మాటలను త్రోసివేయలేదు. విప్రుడు అధముడైనను వధ్యుడు కాడు, ఆతతాయి వధ్యుడు. ఈ రెండును శాస్త్రమే. రెండింటిని నిలుపుమని అర్జునునకు ఆజ్ఞాపించెను. అర్జునుడు అశ్వత్థామ శిరోమణిని శిరోజములతోకూడ కోసి, తేజస్సు హరించి, వెడలగొట్టెను. పాపమునకు శిక్ష పడినది. శిక్షలో ద్వేషము లేదు. ద్రౌపది మాటలో దయ కలదు, భీముని మాటలో న్యాయము కలదు. రెండింటిని కలిపి తీర్పు చెప్పుటకు ఆవేశము లేని మూడవవాడు కావలసెను.

రాజ్యమున న్యాయస్థానముల అవసరమిదియే. గోకుల్ చాట్, లుంబినీ పార్కుల హత్యలలో 2018వ సంవత్సరమున న్యాయస్థానము ఇద్దరికి మరణశిక్షను, మరియొకరికి యావజ్జీవశిక్షను విధించినది. పదునొకండు సంవత్సరములు గడచినవి. ఆప్తులను కోల్పోయిన కుటుంబములకు అది దీర్ఘకాలమే. అయినను సాక్ష్యము విని, వాదము విని చెప్పిన తీర్పునకును, వీధిలో గుంపు చేయు హత్యకును భేదము పగలునకు రాత్రికి గల భేదము. దుష్టశిక్షణము రాజధర్మము, అది గుంపు చేతికి పోయినచో మరియొక సౌప్తికరాత్రి పుట్టును.

దయ చూపినంతమాత్రమున దుష్టుడు మారునని భాగవతము చెప్పదు. విడువబడిన అశ్వత్థామ ఊరకుండలేదు. ఉత్తరగర్భముననున్న శిశువుమీదికి బ్రహ్మాస్త్రమును పంపెను. అపుడు భగవానుడు తన చక్రముతో పాండవులను, తానే గర్భమున ప్రవేశించి శిశువును రక్షించెను. ఆ శిశువే పరీక్షిత్తు. కనుక ద్వేషము విడువవలెను గాని కాపు విడువరాదు.

ఇచట భక్తుని హృదయమున ఒక ప్రశ్న పుట్టక మానదు. పరీక్షిత్తును రక్షించిన కృష్ణుడు ఉపపాండవులను ఏల రక్షింపలేదు? ఆ రాత్రి ఆయన పాండవులైవురను, సాత్యకిని శిబిరమునుండి నదీతీరమునకు తోడ్కొనిపోయి కాపాడెను. బిడ్డలు శిబిరమున మిగిలిపోయిరి. సభలో చీరలిచ్చి మానము కాపాడిన స్వామియే ఆమె గర్భశోకమును ఆపలేదు. ఆలయమున దీపారాధన చూచుచు మరణించినవారిని తలచినపుడు ఈ ప్రశ్న మరింత బరువగును.

దీనికి తేలికైన సమాధానము చెప్పరాదు. వారి కర్మము అట్టిదని పొరుగువాడు చెప్పుట పాపము. కర్మసిద్ధాంతము తన కష్టమును తాను ఓర్చుకొనుటకు ఉపదేశింపబడినది గాని, పరుల కష్టమును తూచుటకు కాదు. భగవంతుడిచ్చు అభయము ఈ దేహము ఎన్నటికిని పడదను హామీ కాదు. దేహము పడినను జీవుడు విడువబడడను హామీ. బిడ్డలను కోల్పోయిన ద్రౌపది కృష్ణుని విడువలేదు; కృష్ణుడు ఆమెను విడువలేదు. ఏడ్చుచునే ఆమె దయతో మాటలాడగలిగెను. ఆ దయ ఆమెకు ఎచటినుండి వచ్చెనో అదియే అభయము.

విభీషణుడు వచ్చిన వేళ

అభయమునకు రెండు ముఖములు కలవు. తాను భయపడకుండుట ఒకటి, ఇతరులకు తనవలన భయము లేకుండ చేయుట రెండవది. గీత పండ్రెండవ అధ్యాయమున ప్రియభక్తుని లక్షణముగా భగవానుడు ఈ రెండింటిని కలిపియే చెప్పెను. మొదటిది మాత్రమే కలవాడు సాహసి కావచ్చును. ఉగ్రవాదికి సైతము ప్రాణముమీద తెగింపు ఉండవచ్చును. రెండవది లేనిచో మొదటిది దైవీసంపద కాదు.

శ్రీమద్రామాయణమున విభీషణశరణాగతి ఈ రెండవ ముఖమును చూపును. లంకను విడిచి నలుగురు సహచరులతో విభీషణుడు సముద్రమునకు ఈవలి తీరమున ఆకాశమున నిలిచి శరణు వేడెను. సుగ్రీవునికి భయము కలిగెను. వీడు రాక్షసుడు, రావణుని తమ్ముడు, గూఢచారియై వచ్చియుండును, చంపుటయే మేలు అనెను. యుద్ధకాలమున అట్లు అనుమానించుట తప్పు కాదు. కాని సుగ్రీవుని వాదమున విభీషణుడు చేసిన తప్పు ఒక్కటియు లేదు. పుట్టిన కులమే తప్పుగా ఎన్నబడినది. హనుమంతుడు మాత్రము అతని మాటతీరు, ముఖభావము గమనించి, స్వీకరింపదగినవాడని చెప్పెను. శ్రీరాముడు ఒక్కసారి శరణన్న వానికి సర్వభూతములనుండి అభయమిచ్చుట తన వ్రతమని, వచ్చినవాడు రావణుడే అయినను అది తప్పదని ప్రకటించెను.

ప్రతి దుర్ఘటన పిదపను సమాజమున సుగ్రీవుని భయము తలయెత్తుచుండును. నేరము చేసినవాడు ఒకడు. అతని పేరువంటి పేరు గలవారందరు అనుమానపాత్రులగుదురు. ఇల్లు అద్దెకిచ్చువాడు వెనుకాడును. అంగడిలో పలుకరించువాడు ముఖము త్రిప్పుకొనును. బడిలో పిల్లలు తోటిపిల్లవానికి దూరముగా కూర్చుందురు. ఉగ్రవాది బాంబు ప్రేల్చినది క్షణకాలము; ఆ పిదప అతని పనిని కొనసాగించునది ఈ అనుమానమే. నిర్దోషిని దోషిగా చూచినవాడు తెలియకయే ఆ దుష్టునికి సహాయుడగుచున్నాడు. నేరస్థుని పట్టుకొనుటకు హనుమంతుని కన్ను కావలెను. కులము చూడక నడవడి చూచు కన్ను అది.

శ్రీరంగమున జరిగినది

అభయమనగా ఆపదను లెక్కచేయకుండుటయని కొందరు పొరపడుదురు. వైష్ణవసంప్రదాయమున దీనికి గొప్ప సమాధానము కలదు. 1323వ సంవత్సరమున ఢిల్లీ సుల్తాను సేనలు శ్రీరంగముమీదికి వచ్చినవి. వేలకొలది భక్తులు ప్రాణములర్పించిరని సంప్రదాయము. వయోవృద్ధులైన పిళ్ళై లోకాచార్యులు నంబెరుమాళ్ళనబడు ఉత్సవమూర్తిని రహస్యముగా తోడ్కొని దక్షిణదిశగా పయనమైరి. మూలమూర్తి కనబడకుండ గర్భాలయమునకు అడ్డుగోడ కట్టబడెను. లోకాచార్యులు మార్గమధ్యముననే జ్యోతిష్కుడియందు పరమపదించిరి.

నాడు శ్రీరంగముననున్న వేదాంతదేశికులు శ్రీభాష్యవ్యాఖ్యానమైన శ్రుతప్రకాశికను, దాని కర్తయైన సుదర్శనసూరి కుమారులను రక్షించు భారము వహించిరి. శవముల నడుమ దాగి ఆ రాత్రి గడిపిరని గురుపరంపర చెప్పుచున్నది. పిదప కర్ణాటదేశమున సత్యాగలమను గ్రామమున నివసించి, రంగనాథుని నగరము తిరిగి నిర్భయము కావలెనని అభీతిస్తవమును రచించిరి. ఆ స్తోత్రము పేరే భయరాహిత్యము.

ఈ కథలో ఎవరును ఆపదకు ఎదురేగి వృథాగా ప్రాణము విడువలేదు, శత్రువుకు లోబడి స్వామిని విడువను లేదు. గోడ కట్టిరి, దాగిరి, అడవులు పట్టి నడచిరి. కాపాడవలసినదానిని కాపాడిరి. అభయహస్తముతో భక్తులకు ధైర్యము చెప్పు నంబెరుమాళ్ళు తామే అజ్ఞాతవాసము చేసిరి. స్వామి తిరుమలకును విచ్చేసి కొంతకాలము నివసించిరి. తిరుమల ఆలయమున రంగనాయకుల మండపము ఆ నివాసమునకు గుర్తు. నేడు అచట వేదాశీర్వచనములు జరుగుచున్నవి. విజయనగరప్రతినిధిగా చెంజిని ఏలిన గోపణార్యుడు 1371వ సంవత్సరమున స్వామిని శ్రీరంగమున పునఃప్రతిష్ఠించెను. నలువదియెనిమిది సంవత్సరములు గడచినవి. స్వామిని తోడ్కొని బయలుదేరినవారిలో తిరిగివచ్చుట చూచినవారు మిక్కిలి స్వల్పము. అయినను ఒక తరము మోసి మరియొక తరమునకు అందించెను. ఓర్పు లేని అభయము లేదు.

శ్రీరంగమున మరియొక విశేషము కలదు. స్వామినే వలచిన సుల్తాను కుమార్తెను తుళుక్క నాచ్చియారను పేర ఆ ఆలయమందే ఆరాధింతురు. ఆమె సన్నిధిలో రొట్టె నివేదనము నేటికిని జరుగుచున్నది. తెలుగునాట బీబీ నాంచారియని కీర్తింపబడునది ఈ భక్తియే. సేనల గాయము మరువని ఆలయము, ఆ కులమున పుట్టిన కన్యకు సన్నిధిలో స్థానమిచ్చినది. జ్ఞాపకము వేరు, పగ వేరు. ఈ వివేకము కలిగినందుననే ఆ క్షేత్రము ఇన్ని శతాబ్దములు నిలిచినది.

అభీతిస్తవమును రచించిన దేశికులే విభీషణశరణాగతిని వివరించుచు అభయప్రదానసారమను గ్రంథమును రచించిరి. ఒకదానిలో భయము పోవలెనను ప్రార్థన. రెండవదానిలో శరణన్నవానికి భయము పోగొట్టు ధర్మము. అభయముయొక్క రెండు ముఖములును ఒకే ఆచార్యుని వాక్కున నిలిచినవి. ఆ వాక్కు శవముల నడుమ రాత్రి గడిపినవారిది.

సంకటమోచనుని సన్నిధి

ఇది పూర్వకాలపు మాటయని తలపనక్కరలేదు. తులసీదాసు స్థాపించెనని ప్రసిద్ధిగల వారణాసి సంకటమోచన ఆలయమున 2006లో బాంబు ప్రేలినపుడు ఆలయమహంతు వీరభద్రమిశ్రగారు. వారు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున జలశాస్త్రము బోధించిన ఆచార్యులు. గంగానదిని శుద్ధిచేయుటకై పాటుపడినవారు. ఆ రాత్రియే స్వామికి హారతి జరిగినది. ఎవరును ఆవేశపడవలదని మహంతుగారు ప్రజలను కోరిరి. నగరమున ముస్లిం మతపెద్దలు ఆలయమునకు వచ్చి సంతాపము తెలిపిరి. మతకలహము రేగునని ఎదురుచూచినవారికి వారణాసి ఆ అవకాశమీయలేదు.

ఆ ఆలయమున ఏటేట హనుమజ్జయంతి దినములలో సంగీతసమారోహము జరుగును. ముస్లిం విద్వాంసులు సైతము స్వామి సన్నిధిని గానము చేయుచున్నారు; 2015లో పాకిస్తానుకు చెందిన గులాం అలీ అచట పాడిరి. ఉగ్రవాది కోరినది జనులు ఆలయమునకు రాకుండుట, ఒకరినొకరు ద్వేషించుట. హారతి ఆగకపోవుటచే మొదటి కోరిక చెడినది. తలుపులు తెరచియుంచుటచే రెండవది చెడినది. తుపాకి ఎత్తకయే ఆ భక్తులు అతనిని ఓడించిరి.

గృహస్థుని కర్తవ్యము

సేనలు, రక్షకభటులు, న్యాయాధిపతులు తమ ధర్మమును నెరవేర్తురు. గృహస్థునికి సైతము ఇందు భాగము కలదు.

మొదటిది వాక్కు. పూర్వము పుకారు ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవుటకు దినములు పట్టెడిది. నేడు అరచేతిలోని ఫోనుద్వారా క్షణములో వేయి ఇండ్లకు చేరుచున్నది. నిజమో కాదో తెలియని వార్తను, రక్తసిక్తమైన చిత్రమును, ఒక జాతినంతటిని నిందించు మాటను ఇతరులకు పంపువాడు తాను బాంబు పెట్టకున్నను భయమును పంచుచున్నాడు. పంపుటకు ముందు కృపుని మాట తలచుకొనవలెను: ఒక రాత్రి ఆగుట, పెద్దల నడుగుట.

రెండవది పిల్లల పెంపకము. పిల్లవాడు అన్యాయమునకు గురియై ఇంటికి వచ్చినపుడు ఆ బాధను విని, న్యాయమార్గము చూపువారుండవలెను. వినువారు లేని బాధ గుడ్లగూబలవద్ద పాఠము నేర్చుకొనును. తనవాడు తప్పు చేసినపుడు తప్పని చెప్పుట మాత్రమే చాలదు. ఆ త్రోవలో వెంట నడవకుండుటయు నేర్పవలెను.

మూడవది సహకారము. అలిపిరివద్ద వాహనములను, సంచులను శోధించు సిబ్బంది యాత్రికునికి ఆటంకము కారు. శ్రీరంగమున గోడ కట్టినవారు ఏ సేవ చేసిరో వీరును ఆ సేవయే చేయుచున్నారు. విసుగుకొనక సంచి తెరచి చూపుటయు స్వామికైంకర్యమున భాగమే. 2003లో ఆ తావున మందుపాతరలు ప్రేలిన సంవత్సరమున సైతము బ్రహ్మోత్సవములు ఆగలేదు. భక్తులు మెట్లెక్కుట మానలేదు.

నాలుగవది అభయప్రదానము. అన్నదానము, వస్త్రదానము, విద్యాదానము చేయలేనివాడైనను అభయదానము చేయవచ్చును. తన ఇంటిలో సేవకుడు, కోడలు, బిడ్డ తన అడుగుల చప్పుడు విని భయపడుచున్నచో, లోకమున భయము పోవలెనని ప్రార్థించుటకు ఆ గృహస్థునకు అధికారమెట్లు కలుగును? ఉగ్రత్వమునకు మొదటి పాఠశాల గృహమే. అభయమునకును మొదటి పాఠశాల అదియే. పొరుగున వేరు మతమువాడు దుర్ఘటనమరునాడు తలుపు తెరచుటకు జంకుచున్నపుడు, ముందుగా పోయి పలుకరించుట గొప్ప దానము.

సౌప్తికపర్వము తుదిని అశ్వత్థామకు శ్రీకృష్ణుడిచ్చిన శాపము మరణము కాదు. మూడువేల సంవత్సరములు ఎవరి తోడును లేక, ఎవరి పలుకును లేక, దుర్గంధముతో అడవులలో తిరుగుమని శపించెను. లోకమును భయపెట్టినవానికి లోకముతో పొత్తు తెగిపోవుటయే శిక్షయైనది. ఆ రాత్రి నిద్రలేకపోయిన తల్లి మాత్రము తన శోకముననే మరియొక తల్లిని తలచెను. ఒకడు అందరికిని దూరమయ్యెను. ఒకతె పగవాని తల్లికి సైతము దగ్గరయ్యెను. మానవుని యెదుట ఉన్న రెండు త్రోవలు ఇవియే.

ఆపదలు తొలగించువాడు, శరణన్నవారిని విడువనివాడు అయిన శ్రీనివాసుడు సకలజనులకు భయము పోగొట్టి, పరులకు భయము కలిగింపని బుద్ధిని ప్రసాదించుగాక. స్వస్తి.